మా ఇంట్లో బీపీ ఎవరిది?

“తాతా, నువ్వు మళ్ళా బస్టాండుకి పోతా ఉండావంట గదా. మధ్యలో ఎందుకు మానేసినావు?”

ఎవురు సెప్పినారు, మీ అవ్వేనా? ఆమె నోట్లో ఏమి నిలస్తాది. సెప్తా, ఉండు. ఆ ఫోను ఈ స్టూలు మింద పెట్టు. నా గొంతు పట్టుకుంటాదా అది? సరే. నువ్వు ముందు కూసో అమ్మీ. తిరపతి నుంచి నిలబడే వచ్చింటావు, ఆదివారం పొద్దు ఆ బస్సు సంగతి నాకు తెలీదా.

మానేసింది ఆరు నెలలు. కాదు కాదు, అయిదు. మాఘంలో మానేసినాను, తోతాపురి కాయల లారీలు రోడ్డు నిండా నిలబడే కాలానికి మళ్ళా పోయినాను. అయిదే. సూసినావా, లెక్క సరిగ్గా వచ్చింది. అది రావడమే ఇప్పుడు నాకు పండగ. ఎందుకు పండగో తెలియాలంటే మొదట్నుంచి సెప్పాల.

నేను చిత్తూరు బస్టాండులో ఇరవై ఆరేండ్లు కంట్రోలరుగా చేసినాను. నీకు తెలుసులే, ఆ ఫోనుకు తెలీదు గదా. కంట్రోలరంటే ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు కదిలింది రాసుకునేవాడు, మైకులో సెప్పేవాడు. అప్పుడు కంప్యూటరా పాడా. అంతా ఈడ ఉండాల, ఈ తలకాయలో. పుత్తూరు, నగిరి, కార్వేటినగరం, పెనుమూరు, ఐరాల, గుడియాత్తం, వేలూరు, ఏ బస్సు ఏ ఊర్ల మిందగా పోతాదో నిద్దర్లో లేపి అడిగినా సెప్పేవాణ్ణి. కాఫీ ముప్పావలా ఉన్నప్పుడు చేరినాను నేను. లేదు, అర్ధరూపాయి. ముప్పావలా అయింది మీ నాయన బడిలో చేరినాంక. ఆ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని మైకులో సెప్తా ఉంటే, “నీ గొంతు ఇన్నోడికి బస్సు తప్పదు సారూ” అనేవాళ్ళు జనం.

రిటైరైనాంక ఇంట్లో ఉండలేకపోయినాను. పొద్దున్నే పోయి మూడో ప్లాట్‌ఫారం కాడ బెంచీ మింద కూసునేవాణ్ణి. చదువురాని ముసిలోళ్ళు వస్తారు, బోర్డు చదవలేరు, నన్ను అడుగుతారు. జీతమా భత్యమా. ఒకరు అడిగితే సెప్పడం, వాళ్ళు సరైన బస్సెక్కి కిటికీలోనుంచి చెయ్యెత్తడం. ఆ చెయ్యి సూస్తే ఆ రోజుకు అన్నం తిన్నట్టే నాకు.

పోయినేడు శ్రావణం నుంచి అనుకో, ఏదో అయింది. తలలో దూది కుక్కినట్టు. ఒకాయప్ప వచ్చి “వెదురుకుప్పం బస్సు ఎన్ని గంటలకు సార్” అంటాడు. తెలుసు. నాకు తెలుసని నాకు తెలుసు. నోటికి రాదు. నేను ఎతుక్కుంటా ఉండంగనే ఆయప్ప పోయి అరటికాయలమ్మే పిల్లోణ్ణి అడిగేవాడు. వాడేమో పొట్లం కట్టుకుంటానే సెప్పేసేవాడు. నాకెట్ల ఉంటాది సెప్పు.

ఇంట్లో ఎవురికీ సెప్పలా. ఏం జేసినానో తెలుసా, నవ్వొద్దు. చీటీలు రాసుకున్నాను. పరీక్షలో కాపీ కొట్టేవాడు రాసుకుంటాడే, అట్ల. చిన్న చిన్న కాగితాల మింద ఊరి పేరు, టైము, ప్లాట్‌ఫారం. చొక్కా జేబులో పెట్టుకునేది, ఎవురన్నా అడిగితే తుమ్ము వచ్చినట్టు అట్ల తిరిగి సూసుకునేది. ఒకనాడు మీ అవ్వ గుడ్డలు ఉతకతా జేబులోనుంచి తడిసిన ముద్ద తీసింది. “ఏమప్పా, ఈ వయసులో ఏ పరీక్షకు పోతా ఉండావు? హాల్ టికెట్టు యాడ?” అనింది. నేను నవ్వి తప్పించుకున్నాను.

ఎందుకు తప్పించుకున్నానంటే, మా అమ్మ. నువ్వు సూడలా ఆమెను. కడాకి ఆమెకు ఏమీ గుర్తు లేకుండా పోయింది. నన్ను సూసి మా మేనమామ పేరు పెట్టి పిలిచేది. ఒకనాడు నేను అన్నం కలిపి పెడతా ఉంటే నా చెయ్యి పట్టుకుని, “ఎవురప్పా నువ్వు, శానా మంచోడివిగా ఉండావే” అనింది. తిట్టినా బాధ లేకపోయేది. మంచోడివి అనింది, ఎవురో పరాయోణ్ణి అన్నట్టు. ఆ మాట నా చెవిలోనుంచి పోలేదు అమ్మీ. నోటికి ఒక పేరు రాకపోతే సాలు, ఆ, వచ్చేసింది నాకూ, అనుకునేవాణ్ణి. రేపో మాపో మీ అవ్వను సూసి ఎవురమ్మా నువ్వు అంటానేమో అని. అందుకే ఎవురికీ సెప్పలా. సెప్తే నిజమైపోతాదని భయం.

ఇది ఇట్ల ఉండంగా, కార్తీకంలో మన వీధి చివర ఇస్కూల్లో క్యాంపు పెట్టినారు. బీపీ, షుగరు ఉత్తినే సూస్తారని. మీ అవ్వ నన్ను లాక్కుని పోయింది. పోతా పోతా ఏమనింది? “నాకెట్లాగూ బీపీ ఉంటాది, మాత్రలు ఇస్తారు, సంచీ తీసుకో” అనింది.

మన పక్క బీపీ అంటే ఏమి? కోపమే గదా. “నాకు బీపీ తెప్పించొద్దు” అంటాము. “ఆయమ్మకు బీపీ జాస్తి, జాగర్త” అంటాము. ఆ లెక్కన ఈ వీధిలో బీపీ అంటే మీ అవ్వే. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు మన మలుపు కాడికి రాంగానే హారన్ కొట్టడం మానేస్తాడు, ఆమెకు భయపడి. ఆయప్ప పెట్టిన పేరే “బీపీ మునెమ్మ”. నన్నేమో శాంతమూర్తి అంటారు. నిజమే, నాకు కోపం రాదు. బస్టాండులో వెయ్యిమంది తిట్టినా మైకులో గొంతు మారలా నాకు.

నర్సమ్మ చిన్న బిడ్డ, నీ వయసే ఉంటాది. మీ అవ్వ చేతికి పట్టీ సుట్టి గాలి కొట్టింది. నూటిరవై. “బాగుండాది అవ్వా, పో” అనింది. మీ అవ్వ మొగం సూడాల, పరీక్ష తప్పినట్టు. నాకు కొట్టింది. మళ్ళా కొట్టింది. ఇంకో చేతికి కొట్టింది. నూట తొంభై.

“పెద్దాయనా, నీకు బీపీ శానా ఉండాది. రోజూ మాత్ర ఏసుకోవాల.”

“నాకా? నాకు కోపమే రాదు గదమ్మా.”

“కోపానికీ దీనికీ సంబంధం లేదు. రోజూ ఏసుకో. ఉప్పు తగ్గించు. వారం నాటికి ఆస్పత్రికి రా” అనింది, నా పేరు రాసి చీటీ, మాత్రలు ఇచ్చింది. వెనక అరవై మంది లైను.

ఇంటికి వస్తా వస్తా మీ అవ్వ రోడ్డు మధ్యలో నిలబడి నవ్వింది. “చీటీలు మారిపోయినాయప్పా! ఆ బిడ్డ పాపం పొద్దున్నుంచి రాసి రాసి అలిసిపోయింటాది. నీకు బీపీ ఏంది? యాభై ఏండ్లుగా తిడతా ఉండా, ఒక్కనాడన్నా లేసినావా నువ్వు?” నాకూ అది న్యాయంగానే కనబడింది. ఇద్దరమూ తెలివైనోళ్ళం గదా. నా చేతికి పట్టీ సుట్టి నా ముందరే సూసినారు, చీటీ ఎట్ల మారతాది? ఆ మాత్రం ఆలోచన రాలా. వచ్చేదానికి తలలో దూది గదా.

ఆ పొద్దునుంచి నా మాత్రలు మీ అవ్వ మింగింది. ఉప్పు కూడా తగ్గించేసింది, సంగటిలోకి ఊరిబిండి పచ్చడి సప్పగా నూరుకునేది. నర్సమ్మ నెలకొకసారి వీధిలోకి వచ్చి మాత్రలు ఇచ్చేది. “పెద్దాయన ఏసుకుంటా ఉండాడా అవ్వా?” అంటే, “తప్పకుండా” అనేది మీ అవ్వ, నా పక్క కన్ను కొట్టి. ఆస్పత్రికి నేను పోలా. పోతే నా మతిమరుపు బయటపడతాదని నా భయం నాది.

కొన్నాళ్ళకే మీ అవ్వ గమ్మున అయిపోయింది. ట్యాంకరు వచ్చి హారన్ కొట్టినా లేసి పోలా. పాలల్లో నీళ్ళు ఎక్కువైనాయని నేనే సెప్తే, “పోనీలే” అనింది. మునెమ్మ పోనీలే అనడం! మధ్యాన్నమంతా గోడకు తల ఆనించి కూసునేది. పక్కింటోళ్ళు “అక్కకు మాత్ర భలే పనిచేసింది” అనినారు. నేను... సంతోషపడినాను అమ్మీ. సిగ్గుగా ఉండాది ఇప్పుడు సెప్పాలంటే. యాభై ఏండ్లకు ఇల్లు సల్లబడింది అనుకున్నాను. ఆమె నీరసాన్ని నేను శాంతం అనుకున్నాను.

నాకేమో రోజురోజుకూ తల మందం. టీవీలో ఎవురో బిడ్డను బడికి పంపతా ఉంటే నాకు కండ్లలో నీళ్ళు. ఊరగాయ రుచి తెలీలా. మీ నాయన ఫోన్ చేస్తే మాట్లాడబుద్ధి కాలా. దిగులు అంటారే, అది. ఎందుకో తెలీని దిగులు.

అప్పుడు వచ్చింది మాఘం. ఒక పొద్దున ఒకామె వచ్చింది, చేతిలో పెద్ద స్టీలు డబ్బా, సంచీలో గాజులు గలగలమంటా ఉండాయి. “సారూ, పాలసముద్రం బస్సు యాడ నిలస్తాది? నా బిడ్డకు సీమంతం. గాజులు నేనే తీసుకుపోవాల, పదిన్నరకు ముహూర్తం” అనింది. నేను తుమ్ము ఏషం ఏసి చీటీ సూసుకున్నాను. అదో, ఆ బస్సే, ఎక్కమ్మా అన్నాను. ఎక్కింది. కిటికీలోనుంచి చెయ్యెత్తింది. నాకు కడుపు నిండింది. బస్సు కదిలి మలుపు తిరిగినాంక బోర్డు సూసినాను. పలమనేరు.

పాలసముద్రం అటు, పలమనేరు ఇటు. చీటీలో కిందా మిందా రాసుకున్నాను రెండూ, రెండిట్లోనూ మొదట ప, ల. ఇరవై ఆరేండ్లు ఆ రెండు పేర్లూ మైకులో సెప్పినోణ్ణి. లేసి నాలుగడుగులు పరిగెత్తినాను, బస్సు అందలా. బస్సులో జనం జాస్తి, కండక్టరు ఆయమ్మ కాడికి వచ్చి టికెట్టు అడిగేసరికి సగం దూరం పోయిందంట. బంగారుపాళెంలో దిగి, మళ్ళా ఈడికి వచ్చి, ఇంకో బస్సెక్కి, పోయేసరికి మధ్యాన్నం దాటింది. గాజులు రాక ముహూర్తం తప్పింది.

ఇదంతా ఆయమ్మే సెప్పింది, మరుసటి రోజు తిరిగి పోతా. తిడతాదనుకున్నాను. బెంచీ కాడికి వచ్చి నా మొగం సూసి, “ఏమి సారూ, ఒంట్లో బాగలేదా?” అనింది. అంతే. అంతమంది ముందర నేను ఏడ్సినాను. ఆ పొద్దు ఇంటికొచ్చి మళ్ళా బస్టాండు మొగం సూడలా. గోడ పక్కకు తిరిగి పండుకునేవాణ్ణి. నువ్వు అడిగినావే ఎందుకు మానేసినావని, అదీ సంగతి.

శివరాత్రి పోయినాంక ఒక పొద్దున మీ అవ్వ రోలు కాడనుంచి లేస్తా లేస్తా అట్లే కూలిపోయింది. రోలంచు తగిలి కనుబొమ్మ పగిలింది. ఆ మచ్చ సూసినావు గదా, కొళాయి కాడ జారినానని సెప్పింది మీకు. ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకుపోయినాను. ఆడ ఒక డాక్టరమ్మ, కుట్లు ఏసి, బీపీ సూసి, “ఇంత తక్కువ ఉందేంటి! ఏం మాత్రలు వాడుతున్నారు అవ్వా?” అనింది. సంచీలోనుంచి మాత్రలూ, క్యాంపు చీటీ తీసిచ్చినాను. చీటీ మింద పేరు సూసింది. నన్ను సూసింది. “ఇది మీ పేరు కదా తాతా?”

నేను సెప్పినాను. చీటీలు మారినాయమ్మా, మాలో కోపం ఆమెకే గదా అని. ఆ డాక్టరమ్మ నా చెయ్యి లాక్కుని పట్టీ సుట్టింది. సూసి, కుర్చీలో కూసోబెట్టి కదలొద్దనింది.

“తాతా, మీకు మామిడితోట ఉందా?” అనింది.

“మా బామ్మర్దికి ఉండాదమ్మా.”

“డ్రిప్పు పైపు చూశారా? నీళ్ళు మరీ తోసుకొస్తే పైపు అరుస్తుందా? అరవదు. చివర సన్న పైపులు ఒకటొకటే పాడైపోతాయి, అంతే. రక్తపోటు అలాంటిది. మెదడులో సన్న గొట్టాలుంటాయి. మీరు ఎంత శాంతంగా ఉన్నా అది తోస్తూనే ఉంటుంది.”

అప్పుడు అడ్డుకట్ట తెగింది అమ్మీ. చీటీలు, తుమ్ము ఏషం, గాజులామె, మా అమ్మ, అన్నీ సెప్పేసినాను. మీ అవ్వ మంచం మిందనుంచి ఇంటా ఉండాది. డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి గడియారం గీయమనింది, పదకొండుకు పది నిమిషాలు తక్కువ పెట్టమనింది. ఇరవై ఆరేండ్లు గడియారం సూసి బస్సులు పంపినోణ్ణి. ముల్లు యాడ పెట్టాల్నో తెలీలా. అంకెలన్నీ ఒక పక్కకు పోయినాయి.

“మా అమ్మ జబ్బేనా అమ్మా ఇది?” అన్నాను.

“ఇప్పుడే అవుననలేను, కాదనలేను. ముందు పోటు దించుదాం. దిగులుకు కూడా మందుంది, అవసరమైతే చూద్దాం. మూడు నెలల తర్వాత ఇదే గడియారం మళ్ళీ గీద్దురుగాని” అనింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మీ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. “నన్ను మర్చిపోతావని భయపడితివా?” అనింది. ఊఁ అన్నాను. “నేను మర్చిపోనిస్తానా, రోజూ తిట్టి గుర్తు చెయ్యనూ?” అనింది. కట్టు కట్టుకుని ఉండాది, ఒక కన్నే కనబడతాది, ఆ కంట్లో నీళ్ళు. నేను నవ్వినాను. ఎన్నాళ్ళకో నవ్వినాను.

ఆ పొద్దునుంచి ఎవురి మాత్ర వాళ్ళది. అంటే, నాది నాది, ఆమెకు ఏమీ లేదు. ఊరగాయ జాడీ బీరువాలో పెట్టి తాళం ఏసింది. బీరువాలో చీరలన్నీ ఆవకాయ వాసన. పది దినాల్లో ఆమె గొంతు మళ్ళా లేసింది. ట్యాంకరు డ్రైవరు హారన్ కొట్టినాడు, ఈమె కట్టుతోనే వాకిట్లోకి పోయింది. ఆ తిట్లు ఇంటా ఉంటే నాకెంత ఊరట అనుకున్నావు! పండుకున్నోణ్ణి లేసి కూసున్నాను ఇనేదానికి.

నాకు నిదానంగా తేటబడింది. ఒకేసారి గాదు. ఒకనాడు పండ్లు తోముకుంటా ఉంటే “వెదురుకుప్పం, ఆరూ నలభై” అని దానంతటదే వచ్చింది నోటికి. నురగతోనే అరిచినాను. మూడు నెలలకు పోయి గడియారం గీసినాను. పెద్దముల్లు పది మింద, చిన్నముల్లు పదకొండుకు కొంచెం ఇవతల. డాక్టరమ్మ సూసి సూసి, “మీ అమ్మగారి జబ్బులాగా లేదు తాతా. కొంత వయసు, కొంత పోటు, కొంత భయం. వయసును నేనేం చెయ్యలేను. మిగతావి చేతిలో ఉన్నాయి, మాత్ర మానకండి” అనింది. ఆస్పత్రి మెట్ల మింద కూసుని మీ అవ్వా నేనూ చెరొక టీ తాగినాము. ఎప్పుడూ తాగలా అంత మంచి టీ. ఇప్పటికీ కొన్ని పేర్లు జారతాయి, జారనీ. జారితే, “ఉండప్పా, గుర్తు రాలా, కనుక్కుని సెప్తా” అంటా ఉండా. ఆ మాట అనడానికి నాకు డెబ్బై రెండేండ్లు పట్టింది. చీటీలు లేవు ఇప్పుడు.

మళ్ళా బెంచీ కాడికి పోయిన నాలుగో రోజో, అయిదో రోజో, గాజులామె వచ్చింది. సంకలో మూణ్ణెల్ల పాప. ముహూర్తం తప్పినా బిడ్డ బంగారంగా పుట్టింది. “ఏమి సారూ, బాగుండావా? పాలసముద్రం బస్సు యాడ?” అనింది, నవ్వతా. ఏలు పెట్టి సూపించినాను. ఆరో ప్లాట్‌ఫారం, గంగాధరనెల్లూరు మిందగా పోయేది, తొమ్మిదీ పదికి. ఆయమ్మ సరే అని పోయింది. పోయి ఏం జేసింది? ఎక్కేముందు కండక్టర్ని అడిగింది, “పాలసముద్రమేనా?” అని! అడగనీ, మంచిదే. ఎక్కినాంక కిటికీలోనుంచి పాప చెయ్యి పట్టుకుని ఊపింది నాకు.

“ఇది వ్యవస్థ తప్పు తాతా! ఆరోగ్యం ప్రజల హక్కు. నిలదీయాల్సింది...”

ఆగు, ఆగు. నిలదీయి, వద్దన్లా. అరవై మందికి ఒక నర్సమ్మ ఏమిటని అడుగు, నేనూ వస్తా, మైకు నాకు కొత్తా? కానీ ఆ బిడ్డ నాకు సెప్పింది అమ్మీ. కోపానికీ దీనికీ సంబంధం లేదని నా మొగం మిందే సెప్పింది. ఇనబడింది కూడా. మాకు మా బీపీ తప్ప ఇంకో బీపీ తెలీలా, అంతే.

ఇంకోటి సెప్తా, ఇది మాత్రం గుర్తు పెట్టుకో. మీ మీటింగులో నువ్వు అరస్తా ఉండే వీడియో మీ నాయన పంపినాడు. “ఈ పిల్లకు బీపీ జాస్తయింది” అని రాసినాడు కింద. నమ్మొద్దు. కోపం జబ్బు గాదు, గమ్మున ఉండడం ఆరోగ్యమూ గాదు. మీ అవ్వ గమ్మున ఉన్న నాలుగు నెలలూ సూసి సెప్తా ఉండా నేను. నీ కోపం నువ్వు పోగొట్టుకోవద్దు, మంచి పనికి వాడుకో. ఏడాదికొకసారి ఆ పట్టీ కూడా సుట్టించుకో, రెండూ ఏరేరు. నూరేండ్లు సల్లగా అరస్తా బతుకు తల్లీ, నా బంగారు...

“ఓయప్పా! మాత్ర ఏసుకున్నావా, పిల్ల ముందర కూసుని కథలు సెప్తా ఉండావా?”

వస్తా ఉండా మే! ఇన్నావా ఆ గొంతు? వీధి చివరికి ఇనబడతాది. మొన్న కూడా ఆమెకు పట్టీ సుట్టించి సూపించినాము. నూటిరవై.